రాణిమహల్ల అంజనం

నా చిన్నప్పుడు మా ఊళ్లె ఎవరికి నడుము పట్టినా నాకే కబురు వచ్చేది. నేను ఎదురుకాళ్లతోని పుట్టిన పిల్లను. తల ముందు రాకుండ కాళ్లు ముందు వచ్చి పుట్టినోళ్లు కాలు ఆనిస్తే నడుము నొప్పి పోతదని మా దిక్కు ఒక నమ్మకం. పెద్ద పెద్ద మనుషులు అరుగు మీద బోర్ల పండుకుంటే నేను గోడ పట్టుకొని నిలబడి వాళ్ల నడుము మీద ఎడమకాలు మెల్లగ ఆనిచ్చేదాన్ని. లేచి కూసోని, ‘హాయిగున్నది బిడ్డా’ అని చేతుల బెల్లం ముక్క పెట్టేటోళ్లు. నాల ఏదో మహిమ ఉన్నదని నేను సుత నమ్మిన. ఆ నమ్మకమే ఒకనాడు నన్ను రామగిరి ఖిల్లా మీదికి తీస్కపోయింది.

మా ఊరు ఆ గుట్ట కిందనే. పొద్దున లేచి వాకిట్లకు వస్తే కండ్లకు ముందు కనవడేది ఖిల్లానే. ఒకదాని వెనుక ఒకటి దర్వాజలు, బురుజులు, రాతిల తొలిచిన నీళ్ల గుండాలు, అన్నిటికన్న మీద కప్పు కూలిన ఒక మహల్. మావోళ్లు దాన్ని రాణిమహల్ అనేటోళ్లు. ఏ రాజు కట్టిండో, ఏ రాణి ఉన్నదో మా ఊళ్లె ఎవ్వరికీ సరిగ తెల్వది. ఆ రాణి తన నగలు ఏడ పాతిపెట్టిందో మాత్రం ప్రతి ఒక్కరికీ తెలుసు. ఒక్కొక్కరు ఒక్కొక్క జాగ చూపెట్టేటోళ్లు. నిజాం రాజ్యం పోయి అప్పటికి ఎక్కువ కాలం కాలే. రాజులు పోతరు గాని వాళ్ల సొమ్ము మన్నులనే ఉంటదన్న ముచ్చట రచ్చకాడ ఎప్పుడూ నడుస్తనే ఉండేది.

ఇంట్ల నన్ను కన్న అవ్వ, బాపు, నేను, బాపును కన్న మా బాపమ్మ, బాపు తమ్ముడు మా చిన్నాయిన. చిన్నాయినకు అప్పటికింకా పెండ్లి కాలే. నన్ను భుజాల మీద ఎక్కించుకొని జాతరకు తిప్పేది ఆయనే, ఈతపండ్లు తెచ్చి పెట్టేది ఆయనే. గట్టి మనిషి. మా మెట్ట చెలక కాడ రెండు ఎండకాలాలు ఒంటిచేత్తోని బావి తవ్విండు. కింద బండ పడ్డది. ఎంత కొట్టినా తడి రాలే. ‘నీళ్ల బావి తవ్వుమంటే ఎండబావి తవ్విండు’ అని ఊళ్లె ఎకసెక్కాలాడిండ్రు. అప్పటిసంది ఆయన మాట తక్కువైంది. బువ్వ తినేటప్పుడు సుత పళ్లెంలకే చూసుకుంట తినేటోడు.

అసొంటి రోజులల్ల మా ఊరికి అంజనమాయన వచ్చిండు. గోదావరి అవుతలి నుంచి వచ్చిన అనేటోడు, ఏ ఊరో చెప్పకపోయేది. భయపెట్టే మనిషి కాదు. తెల్లటి ధోతి, నున్నగ దువ్విన తల, మెత్తటి మాట. ఆయన దగ్గర చిన్న ఇత్తడి భరిణెల నల్లటి ముద్ద ఉండేది. ఏవో చెట్ల వేర్లు కాల్చిన మసిని ఆముదంల నూరి చేసిన అంజనమది. దాన్ని అరచేతికి రాసి చూస్తే మన్నుల దాచిన సొమ్ము కనవడుతదట. కాని అందరికీ కనవడదు, ఎదురుకాళ్లతోని పుట్టిన పిల్ల కావాలెనట. చిన్నాయిన, ఆయనతోని కలిసి తిరిగే సోపతి ఒకాయన, ఇద్దరూ రోజూ పొద్దుమూకి అంజనమాయన కాడికి పోయి కూసునేటోళ్లు. దొరికినదాంట్ల సగం ఆయనకని ఒప్పుకున్నరు. ఇదంత నాకు తర్వాత తెలిసిన సంగతి.

ఆ రోజు పెత్రమాస. పొద్దున ఇంట్ల కాలం చేసిన పెద్దలకు పెట్టుకోవాలె, సాయంత్రం మొదటి బతుకమ్మ ఆడాలె. అవ్వ కాన్పుకని పుట్టింటికి పోయి ఉన్నది. నొప్పులు మొదలైనయని ముందటి రోజే కబురు వస్తే, బాపు పండుగని చూడకుండ బండి కట్టుకొని పోయిండు. ఇంట్ల మేము ముగ్గురమే మిగిలినం.

పొద్దున్నే చిన్నాయిన నా దగ్గరికొచ్చి కూసున్నడు. ‘బిడ్డా, రాణిమహల్ చూస్తవా? మీద తంగేడు పువ్వు మస్తుగ పూసింది. తెంపుకొద్దాం పా’ అన్నడు. ఎన్ని రోజులకో ఆయన నాతోని అంత ముద్దుగ మాట్లాడిండు. నేను ఎగిరి గంతేసిన. పొయ్యి కాడ కూసున్న బాపమ్మ తల తిప్పి చూసింది. దర్వాజ పక్కన గోనెసంచి చుట్టి పెట్టిన గడ్డపార ఆమె కంట్ల పడ్డది.

‘పువ్వు తెంపనీకి గడ్డపార ఎందుకురా?’ అన్నది.

చిన్నాయిన సంచి కొస గుంజి గడ్డపార కప్పిండు.

‘ఇయ్యాల మీ బాపుకు పెట్టుకునే రోజు.’

‘పొద్దుగూకకముందే వస్తనవ్వా. వచ్చినంక పెట్టుకుందాం.’

బాపమ్మ కట్టెలు బయటికి గుంజి నీళ్లు చల్లింది. వంట కుండల మీద మూతలు పెట్టి, పువ్వు తెంపే వెదురు గుల్ల చంకల పెట్టుకున్నది. ‘నాకు సుత పువ్వు కావాలె. నేనూ వస్త’ అన్నది. మోకాళ్ల నొప్పులున్న మనిషి, గుట్ట ఎక్కుడేంది అని చిన్నాయిన ఎంత చెప్పినా వినలే. తల్లిని ఇంట్ల పెట్టి తాళం వేసి పోలేడు గద. కోపంతోని పండ్లు కొరుక్కుంట ముందు నడిచిండు.

మొదటి దర్వాజ కాడ ఆయన సోపతి, అంజనమాయన మాకోసం చూస్తుండ్రు. బాపమ్మను చూసి అంజనమాయన మొఖం జర చిన్నబోయింది గాని, వెంటనే చేతులు జోడించి ‘పెద్దమ్మా, దండం’ అన్నడు. బాపమ్మ దండం అందుకోలే. నా మణికట్టు పట్టుకున్నది. ఆ పట్టులనే నాకు ఏదో తేడా తెలిసింది. ఇది పువ్వు తెంపే పని కాదని అప్పుడే అర్థమైంది గాని, ఏం పనో మాత్రం తెల్వలే.

వానలు వెనుకకు పోయిన రోజులు. మెట్ల సందులల్ల గడ్డి నడుమెత్తు పెరిగింది. రెండు దిక్కుల సీతాఫలం చెట్లు. బాపమ్మ మధ్య మధ్యల ఆగి, తంగేడు కొమ్మలు వంచి పువ్వు తెంపి గుల్లల వేసుకునేది. ఊపిరి తీసుకోనీకి అట్ల ఆగుతుందని నేననుకున్న. చిన్నాయిన ఆగకుండ పోతుంటే, ‘జర ఆగురా, పిల్ల అలిసిపోయింది’ అని ఆయన్ను ఆపేది. నేను అలిసిపోలే.

రాణిమహల్ చేరేసరికి పొద్దు నెత్తి మీదికి వస్తుంది. నేను అనుకున్నంత పెద్దగ లేదది. పైన కప్పు లేదు. గోడలల్ల దీపాల గూళ్లు ఇంకా మసిబారి ఉన్నయి. ఒక దిక్కు గోడకు సున్నంతోని చెక్కిన పువ్వులు సగం రాలి, సగం మిగిలి ఉన్నయి. పడమటి కిటికిల నిలబడి చూస్తే కింద పచ్చటి పొలాలు, దూరంగ మానేరు ఇసుక. మా ఇల్లు ఏది అని వెతికిన, దొరకలే. రాణి రోజూ ఇక్కడ నిలబడి చూసేదేమో అనుకుంటే ఒక్క క్షణం నాకు భయం పోయింది. అంతల అంజనమాయన పిలిచిండు.

పడమటి గోడ మహల్ల అన్నిటికన్న ఎత్తైంది. దాని నెర్రెలల్ల రావిచెట్టు మొలిచి, వేర్లు రాళ్లను ఎడం చేసినయి. గోడ జర లోపలికి వంగినట్టు ఉన్నది. దాని కిందనే నన్ను కూసోబెట్టిండ్రు. అంజనమాయన నా కుడిచేయి పట్టుకొని అరచేతినిండ నల్లటి ముద్ద రాసిండు. నూనెకు అది అద్దం లెక్క మెరిసింది. ఆయన పెదవులు కదులుతున్నయి.

‘చూడు తల్లీ. ఏం కనవడుతుంది?’

‘నల్లగున్నది’ అన్న.

‘ఇంకా చూడు.’

చిన్నాయిన నా ముందట గొంతుక్కూసోని నా మొఖంలకే చూస్తుండు. ఆకలైనోడు కుండ దిక్కు చూసినట్టు చూస్తుండు. ఆయన కోసమన్న ఏదన్న కనవడితే బాగుండు అనుకున్న. కండ్లు ఆర్పకుండ చూసిన. నిజంగనే ఆ నలుపుల ఒక చిన్న ఆకారం కదిలింది. తోక ఉన్నది.

‘కోతి’ అన్న.

‘హనుమంతుడు!’ అని చిన్నాయిన చేతులు జోడించిండు. సోపతి నేల మీద మోకరిల్లిండు. నేను తల ఎత్తి చూసిన. మా నెత్తి మీద, ఆ గోడ అంచుకు ఒక కొండెంగ కూసోని ఉన్నది. అద్దంల పడ్డట్టు దాని నీడే నా చేతిల పడ్డది. ఆ మాట చెప్పనీకి నోరు తెరిచిన. అంజనమాయన నా గదుమ పట్టుకొని తల కిందికి వంచిండు. నొప్పి కాకుండ, మెల్లగనే వంచిండు.

‘పైకి చూడద్దు తల్లీ. చేతిలకే చూడాలె. నేను అడిగినదానికే జవాబు చెప్పాలె, వేరే మాట చెప్తే దోషం. ఎటు పోతుండు స్వామి?’

‘ఆ మూలకు.’

‘దిగిండా?’

కొండెంగ రావిచెట్టు పట్టుకొని గోడ అవుతలికి దిగింది. ‘దిగింది’ అన్న. నేను చెప్పినదాంట్ల ఒక్క మాట సుత అబద్ధం లేదు. కాని చిన్నాయిన గడ్డపార తీసుకొని, వంగిన గోడ మొదట్ల, ఆ మూలకు పోయి మొదటి దెబ్బ వేసిండు.

బావి తవ్విన చేతులు. చూస్తుండంగనే మోకాళ్ల లోతు గుంత పడ్డది. సోపతి తట్టతోని మన్ను ఎత్తిపోస్తుండు. గుంతల ఒక పెద్ద రాయి అడ్డం వచ్చింది. ఇప్పుడు తెలుస్తుంది, అది గోడ పునాది రాయి. చిన్నాయిన గడ్డపార సందుల దూర్చి దాన్ని పెకిలించవట్టిండు. రాయి జరంత కదిలింది. కింద ఎక్కడో బోలుగ ఒక సప్పుడైంది. ‘ఉన్నది! ఉన్నది!’ అని ఇద్దరూ ఒర్లిండ్రు. నేను మాత్రం చెయ్యి చాపుకొని కదలకుండ కూసున్న. ఒక్కొక్క దెబ్బకు గోడ నెర్రెలకెళ్లి సన్నటి సున్నం రాలి నా అరచేతిల పడుతుంది. నల్లటి అంజనం మీద తెల్లటి చుక్కలు. దెబ్బ పడుతుంటే చుక్కలు పెరుగుతున్నయి. నాకు ఏడుపు వచ్చింది. ఏడిస్తే దోషమేమో అని మింగిన.

ఓరగ చూస్తే అంజనమాయన నా పక్కన లేడు. ఎప్పుడు జరిగిండో, మహల్ దర్వాజ అవుతల నిలబడి ఉన్నడు. బాపమ్మ గడప మీద కూసోని గుల్లలున్న పువ్వు ఏరుతున్నట్టే ఉన్నది గాని, ఆమె చేతులు ఆగిపోయినయి. ఒకసారి గోడ దిక్కు, ఒకసారి అంజనమాయన నిలబడ్డ జాగ దిక్కు చూస్తుంది.

‘ఆగుండ్రి’ అన్నడు అంజనమాయన అక్కడినుంచే. ‘సొమ్ముకు కాపలా ఉన్నది. అది అడుగుతుంది.’

‘ఏమడుగుతుంది?’ అన్నడు చిన్నాయిన.

‘ఏం లేదు. పిల్ల వేలు జర గీరి, ఆ రాయి మీద ఒక బొట్టు పెడితే చాలు.’

చిన్నాయిన గడ్డపార ఆగింది. ‘గీ మాట ముందుగాల చెప్పలేవు గద అయ్యా’ అన్నడు. ‘వద్దంటే పూడ్చేసి పోదాం. నీ ఇష్టం’ అన్నడు అంజనమాయన మెత్తగ. చిన్నాయిన గుంత దిక్కు చూసిండు. నా దిక్కు చూసిండు. మళ్లీ గుంత దిక్కు చూసిండు. చెమట కండ్లల్ల పడుతుంటే మోచేత్తోని తుడుసుకొని, ‘జరంతనే బిడ్డా, చీమ కుట్టినట్టే ఉంటది’ అన్నడు.

కాలుకు ముల్లు గుచ్చుకుంటే నన్ను సంకల ఎత్తుకొని ఇంటిదాక మోసుకొచ్చిన మనిషి ఆయన.

బాపమ్మ లేచింది. ఒర్లుతదనుకున్న, నన్ను గుంజుకొని పోతదనుకున్న. అట్లేం చెయ్యలే. నా పక్కకు వచ్చి కూసోని, తన కుడిచెయ్యి చాపింది. ‘పిల్ల చెయ్యి వణుకుతుంది. వణికే చేతిల ఏం కనవడుతది? అంజనం నాకు రాయి. నేను సుత ఎదురుకాళ్లదాన్నే’ అన్నది.

చిన్నాయిన బీరిపోయిండు. ‘నువ్వా? ఎన్నడూ చెప్పలేదేందవ్వా?’

‘ఎన్నడన్న అడిగినవా?’

అంజనమాయన ఏదో అనబోయిండు గాని, సోపతి ‘పెద్దమనిషి, ఇంకా మంచిగ కనవడుతది’ అని ముచ్చటపడ్డడు. బాపమ్మ ఎవ్వరికోసం ఆగకుండ, నా చేతిల నలుపును తన చేతికి రుద్దుకున్నది. చాలసేపు చూసింది. నాకు ఆమె ఊపిరి వినవడుతుంది.

‘స్వామి కనవడుతుండు’ అన్నది. ‘కోపంగున్నడు.’

‘ఏమంటుండు?’ అన్నడు చిన్నాయిన.

‘తల్లి బతికున్నోడు ఆ గుంతల నిలబడద్దంటుండు. ముందుగాల బయటికి రమ్మంటుండు. ఇద్దర్ని.’

సోపతి ఒక్క ఎగురుకు బయటపడ్డడు. చిన్నాయిన గడ్డపార పట్టుకొని అట్లనే నిలబడ్డడు. ‘రమ్మంటుండురా’ అన్నది బాపమ్మ. ఆయన మెల్లగ ఎక్కి బయటికి వచ్చిండు.

‘మరి ఎవరు తియ్యాలెనంట?’

‘మంత్రం ఎవరు చదివిండ్రో వాళ్ల చేతికే ఇస్తడంట. వేరేటోళ్ల చెయ్యి పడితే మన్ను అయితదంట.’ బాపమ్మ తల ఎత్తి దర్వాజ దిక్కు చూసింది. ‘రా అయ్యా. నిన్నే పిలుస్తుండు.’

అంజనమాయన నవ్విండు. ‘మేం మంత్రం చదివేటోళ్లం పెద్దమ్మా. మన్ను ముట్టద్దు’ అన్నడు.

‘ముట్టమని ఆయనే అంటుండు. నీ అంజనంలనే కనవడుతుంది గద, అబద్ధం ఎట్లయితది?’

‘పోండ్రి అయ్యా, రాయి కదిలింది, నాలుగు దెబ్బలకు లేస్తది’ అన్నడు సోపతి. చిన్నాయిన దర్వాజ కాడికి పోయి గడ్డపార ఆయన ముందట పట్టిండు. అంజనమాయన దాన్ని అందుకోలే. ఆయన చూపు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పైకి పోయి గోడ అంచు మీద ఆగి కిందికి దిగింది.

ఆ చూపును చిన్నాయిన చూసిండు. ఆయన సుత తల ఎత్తి పైకి చూసిండు. ఇంతసేపు ఆ గోడ కిందనే ఉన్నడు గాని, దాన్ని చూసుడు అప్పుడే మొదలు. వంగిన రాళ్లు, వాటిని పట్టుకొని ఉన్న రావి వేర్లు, నెర్రెలకెళ్లి ఇంకా రాలుతున్న సున్నం, కింద సగం పెకిలిన పునాది రాయి. ఆయన మొఖంల రక్తం లేదు.

‘పైకెందుకు చూసినవయ్యా?’ అని అడిగిండు.

‘ముహూర్తం దాటిపోయింది. ఇంకోనాడు చూద్దాం’ అన్నడు అంజనమాయన. భరిణె, సంచి తీసుకొని గబగబ మెట్లు దిగిండు. సోపతి ఆయన్ను పిలుసుకుంట వెనుకనే ఉరికిండు. వాళ్ల అడుగుల సప్పుడు చాలసేపు వినవడ్డది. తర్వాత గుట్ట మీద మేము ముగ్గురమే.

చిన్నాయిన గడప మీద కూలబడ్డడు. ‘నన్ను నవ్వులపాలు చేసినవవ్వా’ అన్నడు తల వంచుకొని.

‘ఈడ నవ్వేటోళ్లు ఎవ్వరు లేరు బిడ్డా.’

‘నిజంగ నీకేం కనవడలేదా?’

బాపమ్మ గడ్డి తెంపి అరచేయి తుడుసుకుంటుంది. ఆ నలుపు తొందరగ పోయేది కాదు. ‘కనవడ్డది. నా కొడుకు నెత్తి మీద గోడ కనవడ్డది’ అన్నది.

చిన్నాయిన నా దగ్గరికి వచ్చి, గుంతల మన్ను అంటిన చేతులతోని నా వేళ్లు ఒక్కొక్కటి విప్పి చూసిండు, ఎక్కడన్న గీరుకున్నదా అన్నట్టు. ఆ తర్వాత గుల్ల తన నెత్తికి ఎత్తుకొని ముందు నడిచిండు. గడ్డపార అక్కడనే మరిచిపోయిండు. బాపమ్మ గుర్తు చెయ్యలే.

దిగేటప్పుడు నేను బాపమ్మను అడిగిన, నువ్వు నిజంగ ఎదురుకాళ్లదానివేనా అని. ‘నేను ఎట్ల పుట్టిన్నో చెప్పేది మా అవ్వ. ఆమె పోయి ఎన్నేండ్లాయె’ అని నవ్వింది. కొంచెం దూరం పోయినంక ఆమె నన్ను అడిగింది. ‘నీకేం కనవడ్డది బిడ్డా?’

‘కొండెంగ. గోడ మీద కూసున్నది. నా చేతిల దాని నీడ పడ్డది.’

‘మరి చెప్పలేవేంది?’

‘అడిగినదానికే జవాబు చెప్పాలెనన్నడు. గోడ మీద ఏమున్నదని ఎవ్వరూ అడగలే.’

బాపమ్మ ఆగిపోయింది. మెట్టు మీద కూసోని నన్ను ఎదురుగ నిలబెట్టుకున్నది. ‘అడిగినంతనే చెప్పుమన్నోడు ఏదో దాస్తుండన్నట్టే. నువ్వు చూసిందంత చెప్పు. అడగకున్నా చెప్పు. వినకుంటే గట్టిగ చెప్పు’ అన్నది. నా తప్పేం లేదని సుత అన్నది. అది రెండుసార్లు అన్నది.

ఇంటికి పోయేసరికి పొద్దు వాలింది. చల్లారిన పొయ్యి మళ్లీ అంటుపెట్టి, వండి, మా తాతకు ఆలస్యంగనే పెట్టుకున్నరు. చిన్నాయిన విస్తరి ముందట చానసేపు కూసున్నడు. సాయంత్రం గుట్ట మీది తంగేడు పువ్వుతోనే బతుకమ్మ పేర్చినం. మర్నాడు బాపు వచ్చి నాకు చెల్లె పుట్టిందని చెప్పిండు. బాపమ్మ జరిగిందంత ఆయనకు చిన్నాయిన ముందటనే చెప్పింది, ఒక్క ముక్క దాచలే. బాపు తమ్మున్ని తిట్టలే, లేచి పోయి ఆయన పక్కన కూసున్నడు. కొన్నాళ్లకు చిన్నాయిన బొగ్గు బాయిల పనికి కుదిరిండు. అంజనమాయన మా దిక్కు మళ్లీ రాలే.

ఆ గోడ ఆనాడు కూలలే. నా పెండ్లి అయినంక ఒకసారి గుట్ట ఎక్కినప్పుడు చూస్తే ఆ మూలకు రాళ్ల కుప్ప ఉన్నది. ఏ వానకు కూలిందో ఎవ్వరికీ తెల్వది.

ఇప్పుడు నాకు మనుమలు, మనుమరాండ్లు. బడి నుంచి వచ్చి ఏదో ఒక ముచ్చట మొదలుపెడతరు, మధ్యల ఆగిపోతరు. ఇంట్లోళ్లు ‘సరే, పోయి కాళ్లు కడుక్కో’ అంటరు. నేను మాత్రం చేతుల పని పక్కకు పెట్టి, ‘ఇంకేం చూసినవు బిడ్డా?’ అని అడుగుత. చానసార్లు ఏం ఉండదు. ఒక్కొక్కసారి ఉంటది. పిల్లలు సగం చెప్పి, మిగిలిన సగం ఎవరన్న అడుగుతరా అని మన మొఖం దిక్కు చూస్తరు. ఆ గుట్ట మీద, చెయ్యి చాపుకొని కూసోని, నేను అట్లనే చూసిన.